ఆదివారం సంతకాలు

మేరీరాణి నడిపే ఆయా సెంటర్ కలకత్తా భవానీపూర్‌లో ఒక పాత మేడ మెట్లకింద గది. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు మేకులు, మేకులకు ఇంటింటి తాళంచెవులు, బల్లమీద పొడుగాటి రిజిస్టరు. అంతే ఆస్తి. ముసలివాళ్ళనీ మంచం పట్టినవాళ్ళనీ ఇళ్ళకు వెళ్ళి చూసుకునే ఆడవాళ్ళని ఈ ఊళ్ళో ఆయాలంటారు, వాళ్ళని పంపే సెంటర్లు పేటకి పది ఉంటాయి. మేరీరాణి దగ్గర ముప్ఫై ఒక్కమంది ఉన్నారు. అందరూ ఏక్‌బాల్‌పూర్ వైపు తెలుగువాళ్ళే. వాళ్ళ తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చి, మునిసిపాలిటీలో చేరి, ఈ ఊరి వీధులు ఊడ్చారు. మనవరాళ్ళు ఈ ఊరి ముసలివాళ్ళ ఒళ్ళు తుడుస్తున్నారు. మేరీరాణి కూడా పద్దెనిమిదేళ్ళు ఆయాగా చేసి, మోకాళ్ళు మొరాయించాక ఈ కుర్చీలో కూర్చుంది.

ఈ సెంటర్‌కి ఒక ఆచారం ఉంది. బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు. ఆదివారం చర్చి అయ్యాక ఆయాలందరూ గుంపుగా వస్తారు. రాబోయే వారానికి రిజిస్టరులో ఎవరు పనిచేసే ఇంటికి ఎదురుగా వాళ్ళు వరసగా ఆరు రోజులకీ సంతకాలు పెట్టేస్తారు. అయినదానికి సంతకం పెట్టడం లోకమంతా ఉన్నదే, కాబోయేదానికి పెట్టడం మేరీరాణి సెంటర్లోనే చూడాలి. ఎందుకంటే రోజూ ఏక్‌బాల్‌పూర్ నుంచి ఇక్కడికి వచ్చి, సంతకం గీకి, మళ్ళీ డ్యూటీ ఇంటికి పోవాలంటే గంట దండగ. సంతకం పెట్టిందంటే వెళ్ళినట్టే లెక్క.

మరి జ్వరం వస్తే? బంధువులు దిగితే? దానికి బదిలీ ఉంది. వెళ్ళలేనిది తనకు తానే ఇంకో మనిషిని చూసి పంపిస్తుంది. ఆ సంగతి రిజిస్టరుకి ఎక్కదు. వాళ్ళ తాతలు చీపురు పట్టిన రోజుల నుంచీ ఉన్న పద్ధతే అది, పేరు ఒకరిది, చెయ్యి ఒకరిది. పదకొండేళ్ళలో ఒక్క ఇల్లు ఖాళీగా పడలేదు. ఆ మాట మేరీరాణి వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పేది. దాన్ని పొగరు అనలేం గానీ, పొగరుకి మరీ దూరపు చుట్టమూ కాదు.

నిరుడు దుర్గాపూజలకి ముందు సమీర అనే పిల్ల వచ్చింది. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ఇలాంటి చిన్నచిన్న వ్యాపారాలకి కంప్యూటర్ పద్ధతులు పెట్టించే కంపెనీలో పని. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం ఒక్కో అక్షరాన్నీ వేలితో పొడుస్తుంది. ఫోను తీసి చూపించింది. ఆయా ఇంటికి చేరగానే తన ఫోన్లో మొహం చూపించి నొక్కాలి. పొద్దున ఎనిమిదింటి డ్యూటీకి ఎనిమిదింపావులోగా ఎవరూ నొక్కకపోతే ఇక్కడ బల్లమీద గంట మోగుతుంది, ఆ ఇంటివాళ్ళకి మెసేజ్ పోతుంది.

మేరీరాణికి నచ్చింది. నచ్చాక ఒక ప్రశ్న అడిగింది.

"మరి బదిలీకి ఎల్తే ఎలగే?"

"బదిలీ సెల్లదు ఆంటీ. ఎవలి మొహం ఉంటే ఆళ్ళే ఎల్లాల. లేదంటే ముందే నీకు ఫోన్ చేసి సెప్పి, నువ్వు పేరు మార్చాల."

అక్కడే చిక్కు పడింది. ఆ ముప్ఫై ఒక్కమందీ సంసారాలు ఈడ్చుకొస్తున్నదే బదిలీ మీద. ఒకదానికి కొడుకు మూర్ఛరోగం, ఒకదానికి నీళ్ళ వంతు, ఒకదాని మొగుడు తాగొస్తే మర్నాడు గడప దాటనివ్వడు. ఇవన్నీ సెంటర్‌కి తెలిస్తే ఇంటివాళ్ళకి తెలుస్తాయి, తెలిస్తే ఆ ఆయా వద్దంటారు. మేరీరాణి తనూ అలా బతికిన మనిషే కనక వాళ్ళ గుట్టు కాయాలనుకుంది. పూజలు వెళ్ళనీ అంది. పూజలు వెళ్ళాయి, క్రిస్మస్ కానీ అంది. క్రిస్మస్ అయింది, ఈస్టర్ దాటనీ అంది. వద్దు అనడానికి నోరు రానివాళ్ళకి పండగలు చాలా సాయం చేస్తాయి.

ఈస్టర్ దాటింది. జూన్ నెల వచ్చింది. ఆ నెలలో ఒక మంగళవారం వచ్చింది.

అనంతకృష్ణగారని ఎనభై రెండేళ్ళ పెద్దాయన. గుండెజబ్బు, చేతికర్ర. కూతురు లక్ష్మీసౌజన్య బ్యాంకు మేనేజరు. కలకత్తా బదిలీ అయినప్పుడు తండ్రిని కూడా తెచ్చుకుంది. సెంటర్‌కి మూడు వీధుల అవతల వాళ్ళ ఫ్లాటు. ఆవిడ ఏడుంపావుకల్లా తండ్రికి కాఫీ ఫ్లాస్కులో పోసి, ఏడూ యాభైకి మెట్రోకి బయల్దేరుతుంది. ఎనిమిదింటికి ఆయా వస్తుంది. ఆ పది నిమిషాలూ పేపరు చదువుకుంటాను పొమ్మని ఆయనే పంపేసేవాడు.

ఆ ఇంటి ఆయా అప్పమ్మ. మనిషి యాభై దాటింది, మేరీరాణికి వరసకి పిన్ని. ఆ మంగళవారం పొద్దున మనవణ్ణి ఆసుపత్రిలో చూపించాలని, ముందురోజు జ్యోతిరాణికి చెప్పింది, రేపు నువ్వెళ్ళమని. జ్యోతిరాణి సరేనంది. సాయంత్రానికి జ్యోతిరాణి రాత్రి డ్యూటీ చేసే ఇంట్లో రోగికి ఎక్కువైంది. మర్నాడు పగలు కూడా అక్కడే ఉండమన్నారు. రేపు తను పోలేనని, అప్పమ్మనే వెళ్ళమనమని, అప్పమ్మ ఫోను కలవక ఆటో తోలే కామేష్‌తో కబురంపింది. కామేష్‌ని దారిలో ఎవరో సియాల్దా స్టేషన్ బేరానికి పిలిచారు. కబురు ఆటోలోనే ఉండిపోయింది. మర్నాడు అప్పమ్మ, జ్యోతి వెళ్ళి ఉంటుందనుకుంది. జ్యోతి, అప్పమ్మ వెళ్ళి ఉంటుందనుకుంది. ఒకళ్ళనొకళ్ళు అంత గట్టిగా నమ్ముకునేవాళ్ళే ఇలాంటి తప్పు చేయగలరు.

ఆ పొద్దున పదింటికి సెంటర్లో ఫోను మోగింది. సౌజన్య. నాన్నగారు ఫోన్ ఎత్తడం లేదంది. మేరీరాణి రిజిస్టరు తెరిచి వేలుపెట్టి చూసింది. మంగళవారం, అనంతకృష్ణగారి ఇల్లు, ఎదురుగా అప్పమ్మ సంతకం, గుండ్రంగా, నిక్షేపంగా. "అప్పమ్మ ఉంది మేడమ్. టిపిను తినీసి పడుకున్నారు. లేచాక ఫోన్ సేయిస్తాను" అంది.

టిఫిన్ మాట ఎవరూ చెప్పలేదు. ఇంటివాళ్ళు ఫోన్ చేస్తే అలా ఒక మంచిమాట కలిపి చెప్పడం ఆయా సెంటర్లలో అలవాటు. తిన్నారు, నవ్వారు, మిమ్మల్ని అడిగారు. పనిలో ఉన్నవాళ్ళకి గుండె కుదుటపడుతుంది. అటునుంచి "థాంక్సండీ" అని సౌజన్య ఫోన్ పెట్టేసింది.

ఒంటిగంటన్నరకి అప్పమ్మ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది, పెద్దాయనకి మధ్యాహ్నం మాత్ర మారింది, జ్యోతికి చెప్పమని. మేరీరాణి జ్యోతికి ఫోన్ చేసింది. "నానెక్కడ అక్కా, నాను ఇంకో ఇంట్లో ఉన్నాను కదా" అంది జ్యోతి. మేరీరాణి మేకు నుంచి తాళంచెవి లాక్కుని, మోకాళ్ళున్న సంగతి మరిచిపోయి, మూడు వీధులూ నడిచింది.

ఆయన కుర్చీకీ బాత్రూముకీ మధ్య నేలమీద బోర్లాపడి ఉన్నాడు. ఒళ్ళు చల్లబడి ఎంతసేపయిందో. పేపరు రెండో పేజీ దగ్గర తెరిచి ఉంది. ఫ్లాస్కు మూత తీయలేదు. తొమ్మిదింటి మాత్రలు డబ్బాలోనే ఉన్నాయి. మేరీరాణి ఏమీ ఆలోచించలేదు. పద్దెనిమిదేళ్ళు చేసిన పని చేతులే చేసుకుపోయాయి. ఆయన్ని ఎలాగో లేవదీసి మంచంమీదికి చేర్చింది. మొహం తుడిచింది, కళ్ళు మూసింది, మెడదాకా దుప్పటి కప్పింది. కప్పాక చూస్తే ఆయన నిద్రలో పోయినట్టే ఉన్నాడు. పేటలో డాక్టరు వచ్చి, వయసూ జబ్బూ చూసి, గుండె ఆగిందని రాసిచ్చాడు. సౌజన్య పరుగున వచ్చేసరికి అప్పమ్మ కూడా ఆసుపత్రి నుంచి వచ్చి మంచం పక్కన నిలబడి ఉంది. "నిద్రలోనే పోయారా?" అని అడిగింది. మేరీరాణి తల ఊపింది.

అది జరిగి రెండు నెలలు. అప్పటినుంచి మేరీరాణికి ఏదీ తగలడం లేదు. పొద్దున లేస్తుంది, మొహం కడుగుతుంది, సెంటర్ తలుపు తీస్తుంది. అన్నంలో ఉప్పు మరిచిపోయారని మొగుడు మల్లేశు అనేదాకా ఆమెకి తెలియదు. చర్చిలో పాట మొదలుపెడితే పెదాలు కదులుతాయి, లోపల ఏమీ ఉండదు. ఏడుపు వస్తుందేమో అని రెండుమూడుసార్లు ఒంటరిగా కూర్చుని చూసింది కూడా. రాలేదు. భయం ఉంటే బాగుండును అనుకుంది, అదీ లేదు. ఒక్కటి మాత్రం చేసింది. అంత్యక్రియలైన మూడోరోజు సమీరకి తనే ఫోన్ చేసి, నీ సిస్టం పెట్టీ అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లోకం నవ్వుతుంది. మేరీరాణిని చూసి నవ్వడానికి లోకానికి సంగతి తెలియదు. తెలిసినది ముగ్గురికి, అప్పమ్మకీ జ్యోతికీ తనకీ.

ఆగస్టులో సమీర కంప్యూటర్ తెచ్చి బల్లమీద పెట్టింది. వచ్చే నెల ఫస్టు తారీకు నుంచి కొత్త పద్ధతి. ఆయాలందరి ఫోటోలూ తీసింది. బదిలీ కావాలంటే ముందురోజు సాయంత్రంలోగా చెప్పాలని, ఎందుకని ఎవరినీ అడగనని మేరీరాణి అందరికీ చెప్పింది. ముప్ఫై ఒక్కమందీ గొణిగారు, సణిగారు, చివరికి ఒప్పుకున్నారు. ఎనిమిది నెలలు భయపడినంత గొడవేమీ కాలేదు. పోతామని బెదిరించిన ఇద్దరూ మర్నాడే మొహం నొక్కడం నేర్చుకున్నారు.

కానీ వెనకటి మూడు నెలల డ్యూటీలు ఎక్కిస్తే గానీ కొత్తది మొదలవదట. జూన్ నుంచి ఒక్కో రోజూ, ఒక్కో ఇల్లూ, మేరీరాణి రిజిస్టరు చూసి చదువుతుంటే సమీర కొడుతూ పోయింది. రెండు రోజులకి ఆ మంగళవారం వచ్చింది. అనంతకృష్ణగారి ఇల్లు దగ్గర మేరీరాణి ఆగిపోయింది. సమీర వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి.

"ఎవరు ఆంటీ?"

"అది వదిలీ. తర్వాతది సెప్తాను."

"వదిలీడానికి అవదు. గడి ఎర్రగా ఉండిపోతే పక్క గడికి ఎల్లదు. ఎవలిదో ఒకలిది పేరెయ్యాల."

"ఎవులూ ఎల్లకపోతే?"

సమీర ఆమె మొహం వంక చూసింది. "ఎవరూ రాలేదని కూడా ఒక బటను ఉంది ఆంటీ. కానీ అది కొడితే ఇంటోళ్ళకి మెసేజ్ ఎల్లిపోద్ది. పాతదైనా సరే. మిగతా మెసేజీలన్నీ ఆపీసినాను గానీ అది నా సేతిలో లేదు. అది ఆగకుండా ఎల్తాదనే ఈ సిస్టం కొంటారు అందరూ."

ఆ పూటకి పని ఆపేశారు. ఎర్రగడి అలాగే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అప్పమ్మ వచ్చింది. కుర్చీలో కూర్చోకుండా గడపమీద కూర్చుంది. మనిషి సగమైపోయింది. జ్యోతిరాణి చెప్పింది కాబోలు, కంప్యూటర్ ఆ మంగళవారం దగ్గర ఆగిందని తెలుసు. ఇంకో సంగతి కూడా తెలుసు.

"ఆ మేడమ్‌కి విజయవాడ ట్రాన్స్‌ఫర్ అయిందట గదే. ఎల్లిపోయేముందు తాళంచెవి తీసుకోడానికి రేపు నీ కాడికి వస్తాదట. నాకు సీర తెత్తందట. ఆళ్ళమ్మ సీర."

"నీకెవులు సెప్పారు పిన్నీ?"

"నాకే ఫోన్ సేసింది. మా నాన్న ఆకరికి నీ సేతుల్లో ఎల్లిపోయారు అప్పమ్మా, నిన్ను సూడాల అంది. నాను రానని సెప్పాను, ఒంట్లో బాగోనేదని." అప్పమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మేరీ, నా మాట ఇను. ఆ గడిలో నా పేరేసీ. సంతకం నాదే గదా. ఆ పిల్ల మనసులో ముసిలాయన కడుపునిండా తిని నిద్దర్లో ఎల్లిపోనాడు. ఆ నిద్దర సెడగొట్టడం ఎందుకు?"

మేరీరాణి బల్లమీది రిజిస్టరు సర్దింది.

"నిజం సెప్తే ఏటవుద్దో ఎరుగుదువా? ఆయమ్మ బ్యాంకోళ్ళు, పెద్దోళ్ళు. ఒక్క మాట పేపర్లో పడితే మన సెంటర్‌కి ఎవులు ఫోన్ సేస్తారు? ముప్పై ఒక్క ఇళ్ళల్లో పొయ్యి ఆరిపోద్ది. నాను పోతే పోనాను, ముసిల్దాన్ని. ఆళ్ళు ఏటి సేసినారు?"

ఆ మాటల్లో తప్పు వెదికితే దొరకదు. మేరీరాణి వెదికింది కూడా. సౌజన్య ప్రశాంతంగా ఉంది, సెంటర్ నడుస్తోంది, ఇకముందు ఇలా జరగకుండా గంట కొనుక్కున్నారు. ఒక్క పేరు కొడితే చాలు. ఇదంతా ఆమెకి లెక్కలా అర్థమైంది. కోపం రాలేదు, జాలీ కలగలేదు. అప్పమ్మ వెళ్ళేటప్పుడు ఆమె చెప్పులు గడపదాకా జరిపి పెట్టింది, చేతుల అలవాటు కొద్దీ.

సౌజన్య మర్నాడు పదకొండింటికి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి, నీలం రంగు నేత చీర, భుజానికి సంచి. సమీర కంప్యూటర్ ముందు కూర్చుని వేరే ఇళ్ళ ఫోన్ నంబర్లు సరిచూస్తోంది. మేరీరాణి లేచి కుర్చీ తుడిచి వేసింది.

"కూకోండి మేడమ్. టీ సెప్పమంటారా?"

"వద్దండీ మేరీరాణి గారూ. సామాను లారీ రేపు వస్తుంది. తాళంచెవి తీసుకుని, మిమ్మల్ని ఒకసారి చూసి పోదామని." సంచిలోంచి గుడ్డలో చుట్టిన చీర తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అప్పమ్మ రానంది. ఒంట్లో బాగాలేదట. మీరు ఇస్తారా? అమ్మది. కొత్తదేమీ కాదు, కానీ నాన్నకి ఇష్టమైన చీర."

మేరీరాణి చేతులు చాచలేదు. సౌజన్య అది గమనించలేదు.

"అప్పమ్మ వస్తే ఒక్కటి అడుగుదామనుకున్నాను," అంది. "చిన్న సంగతే. ఇన్నాళ్ళూ అడగడానికి నోరు రాలేదు. ఆ రోజు టిఫిన్ తిన్నారన్నారు కదా మీరు. ఏం తిన్నారు నాన్న?"

సమీర నొక్కడం ఆపింది.

"ముందురోజు రాత్రి నేను ఇడ్లీపిండి మర్చిపోయాను," అంది సౌజన్య. "ఇంట్లో ఏమీ లేదు. అప్పమ్మ ఉప్మా చేసిందేమో. ఆయనకి ఉప్మా పడదు. అయినా తిని ఉంటారు, అప్పమ్మ నొచ్చుకుంటుందని. అదే అనుకుంటూ ఉంటాను."

ఉప్మా అంటే సరిపోతుంది. రెండక్షరాలు. ఇన్నేళ్ళలో మేరీరాణి ఇలాంటివి వేలు చెప్పి ఉంటుంది, ఒక్కటీ నాలుకకి అడ్డుపడలేదు. నోరు తెరిచింది. ఆ మాట వచ్చింది కూడా, పళ్ళదాకా. ఇడ్లీపిండి మర్చిపోయానని రెండు నెలలు తనని తను తిట్టుకున్న మనిషి ఎదురుగా కూర్చుంటే ఆ మాట బయటికి రాలేదు.

"ఏటీ తిన్నేదు మేడమ్," అంది.

సౌజన్యకి అర్థం కాలేదు.

"ఆ రోజు అప్పమ్మ రానేదు. ఎవులూ రానేదు. అప్పమ్మ జ్యోతి ఎల్లిందనుకుంది, జ్యోతి అప్పమ్మ ఎల్లిందనుకుంది. నాకు ఒంటిగంటన్నరకి తెలిసింది. నాను ఎల్లేసరికి పెద్దాయన కిందన పడి ఉన్నారు. కుర్సీకీ బాత్రూముకీ మద్దిన. ఒళ్ళు సల్లబడిపోయింది. మంచం మీద నాను పడుకోబెట్టాను. దుప్పటీ నానే కప్పాను."

అంతా ఒకే గొంతుతో చెప్పింది, కిరాణా చీటీ చదివినట్టు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకి తెలుసు.

సౌజన్య చీర పొట్లాం తీసి, నెమ్మదిగా మళ్ళీ సంచిలో పెట్టుకుంది. సంచి జిప్పు వేసింది. సగంలో పట్టేస్తే వెనక్కి లాగి మళ్ళీ వేసింది.

"నేను పదింటికి ఫోన్ చేశాను," అంది.

"సేశారు."

"ఉంది, తిని పడుకున్నారు అన్నారు."

"రిజిస్టరులో సంతకం సూసి సెప్పాను. ఆదివారం నాడే పెట్టీస్తారు ఆరు రోజులకీ. టిపిను మాట నాదే. ఇంటోళ్ళకి అలగే సెప్తాం మేడమ్, దిగులు పడకుండా."

సౌజన్య రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. జూన్ పేజీ తెరిచే ఉంది. సంతకం మీద వేలు పెట్టి, తీసేసింది. తరవాత కంప్యూటర్ వైపు చూసింది. తెరమీద వరసగా గళ్ళు, మధ్యలో ఒక్కటి ఎర్రగా ఉంది.

"ఇదేమిటి?"

సమీర చెప్పింది, చిన్న గొంతుతో, అమ్మడానికి వచ్చినప్పుడు చెప్పే హుషారేమీ లేకుండా. ఆయా మొహం నొక్కడం, ఎనిమిదింపావు, గంట, ఇంటివాళ్ళకి మెసేజ్. ఆ ఎర్రగడి ఎందుకు ఆగిందో కూడా చెప్పింది.

"ఇది కొత్తగా వచ్చిందా?"

సమీర మేరీరాణి వంక చూసింది. కొత్తగా వచ్చిందని అంటే సమీర కాదనేది కాదు. మేరీరాణికి అది తెలుసు.

"పోయినేడు పూజలకి ముందే పెట్టుకోమంది ఈ పిల్ల," అంది మేరీరాణి. "నానే ఆపాను."

"ఎందుకు?"

కారణాలకేం, కావలసినన్ని ఉన్నాయి. మూర్ఛ కొడుకు, నీళ్ళ వంతు, తాగుబోతు మొగుడు, ముప్ఫై ఒక్క పొయ్యిలు. అన్నీ నిజాలే. ఒక్కటి చెబితే సౌజన్య లాంటి మనిషి అర్థం చేసుకునేది కూడా. మేరీరాణి వాటిని ఒక్కొక్కటిగా చూసి, పక్కకి పెట్టింది. అన్నిటికీ అడుగున ఇంకొకటి ఉంది. ఆమె అదే చెప్పింది.

"అప్పటికి ఏటీ జరగనేదు మేడమ్. అందుకు."

సౌజన్య తల పంకించింది. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. బ్యాంకులో ఆవిడ కూడా ఇలాంటి జవాబులు విని ఉంటుంది, చెప్పి కూడా ఉంటుంది. తెర వైపు చూపించి అంది, "వెయ్యండి. ఎవరూ రాలేదని వెయ్యండి. నేను ఉండగానే."

సమీర మేరీరాణి వైపు తిరిగింది. మేరీరాణి ఊఁ అంది. సమీర నొక్కింది. ఎర్రగడి బూడిద రంగుకి మారింది. సౌజన్య చేతిలో ఫోను చిన్నగా మోగింది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, మెసేజ్ పైకే చదివింది. ఎవరికో ఉత్తరం చదివి వినిపిస్తున్నట్టు, తెలుగులో మార్చుకుంటూ చదివింది.

"పగటి డ్యూటీకి ఉదయం ఎనిమిదింపావు వరకు ఆయా హాజరు కాలేదు. దయచేసి ఇంటి దగ్గర ఎవరైనా ఉండేలా చూసుకోండి. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఫోను ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళజోడు తీసింది.

"ఎనిమిదింపావుకి నా మెట్రో సెంట్రల్ స్టేషన్ దగ్గర ఉంటుంది," అంది. "అక్కడ దిగిపోయేదాన్ని. అవతలి ప్లాట్‌ఫారం మీదికి వెళితే మూడు నిమిషాలకొక బండి. తొమ్మిది లోపలే ఇంట్లో ఉండేదాన్ని."

మేరీరాణి ఎదురుగా నిలబడి వింది. రెండు నెలలుగా రాని ఏడుపు ఇప్పుడైనా వస్తుందనుకుంది. రావాలని కోరుకుంది. రాలేదు. సౌజన్య మాత్రం ఏడవడం మొదలుపెట్టింది, చప్పుడు లేకుండా, ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని. మేరీరాణి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. సౌజన్య ఆ చేతిని తీసి పక్కన పెట్టింది.